పుట్టినరోజు నాడు పిలవవలసింది ఎవరు?



మన మిర్యాలగూడ చుట్టుపట్ల పల్లెల్లో అరవై ఏళ్ళ వయసుకు వచ్చిన పెద్దలను, "మీ పుట్టినరోజు ఎప్పుడు?" అని అడిగి చూడండి. తేదీ చెప్పగలవారు కొద్దిమందే ఉంటారు. "రజాకార్ల గొడవలప్పుడు నేను చంటిపిల్లనంట" అని ఒక అవ్వ అంటుంది. "సాగర్ కాలువకు నీళ్ళు ఇడిసిన యేడు పుట్టినోణ్ణి" అని ఒక పెద్దమనిషి అంటాడు. రజాకార్ల గొడవలు ముగిసింది 1948లో. సాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. వారి పుట్టుక ఊరి కష్టసుఖాలతో ముడిపడి ఉన్నది గాని గోడమీది క్యాలెండరుతో కాదు. బడిలో చేర్చిన రోజున పంతులుగారు పిల్లవాని ఎత్తు, వాలకం చూచి ఒక తేదీ వేసేవారు. ఒకే బడిలో చదివిన ఎంతోమందికి జూన్, జూలై నెలల్లోనే పుట్టినరోజు రావడానికి కారణం ఇదే.

ఆ పెద్దల మనుమలకు, మనుమరాండ్రకు మాత్రం పుట్టినరోజు పెద్ద పండుగ అయింది. బేకరీలో పేరు రాయించిన కేకు, ఇంటి ముందర బెలూన్లు, కూడలిలో ఫ్లెక్సీ, రాత్రి పన్నెండు గంటలకు పటాకులు. ఈ ఖర్చుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినవారు కూడా లేకపోలేదు. మన సంఘాలలో ఇంకొక మంచి అలవాటు కూడా ఉన్నది. సాయంకాలం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టి, పాటలు పాడి, వాక్యము విని, ప్రార్థన చేసుకొని, వచ్చినవారికి ఇంత అన్నం పెట్టి పంపుతారు.

"అయ్యగారూ, విశ్వాసులు పుట్టినరోజు చేసుకోవచ్చునా?" అని కొందరు అడుగుతుంటారు. వారి అనుమానానికి కారణం లేకపోలేదు. బైబిలులో పుట్టినరోజు విందులని స్పష్టంగా కనబడేవి రెండే. ఒకటి ఫరో చేసినది (ఆదికాండము 40వ అధ్యాయము). రెండవది హేరోదు చేసినది (మార్కు 6వ అధ్యాయము). మొదటి విందు రోజున భక్ష్యకారుల అధిపతి ఉరికంబం ఎక్కాడు. రెండవ విందులో యోహాను తల పళ్ళెంలోకి వచ్చింది. రెండు విందుల్లోను పుట్టినవాని గొప్పతనమే ముఖ్యమైపోయింది, సాటి మనిషి ప్రాణానికి విలువ లేకపోయింది. అయితే యోబు కుమారులు వంతుల చొప్పున తమ తమ దినాలలో విందు చేసి, ముగ్గురు అక్కచెల్లెండ్రను పిలిచేవారని కూడా అదే గ్రంథములో చదువుతాము (యోబు 1:4). కాబట్టి చేసుకోవాలా వద్దా అనేదానికంటె, ఆ రోజున ఎవరిని పిలుస్తున్నాము, ఎందుకు పిలుస్తున్నాము అనేది అసలు ప్రశ్న. ఈ సంగతి నాకు బాగా బోధపడినది మన ఊరినుండి డెన్మార్కు వెళ్ళిన ఒక అబ్బాయి అనుభవం విన్న తరువాతనే.

ఒక తల్లి దిగులు

ఆ అబ్బాయి తల్లిదండ్రులది మిర్యాలగూడ దగ్గరి పల్లె. రెండెకరాల తరి పొలం. అది తాకట్టు పెట్టి, బ్యాంకులో అప్పు తీసి కుమారుణ్ణి పై చదువుకు పంపారు. చదువు ముగిసింది, ఓర్‌హూస్ అనే పట్టణంలో ఉద్యోగం కూడా దొరికింది. డెన్మార్కులో కోపెన్‌హాగెన్ తరువాత పెద్ద పట్టణం అదే. ఇంట్లో అందరూ సంతోషించారు. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, నవంబరు నెలలో, ఒక ఆదివారం ఆరాధన అయిపోయిన తరువాత ఆ తల్లి నా దగ్గరకు వచ్చింది.

"అయ్యగారూ, మా పిలగాడు ఫోనుల ఏడ్చిండు. పుట్టినరోజు నాడు ఒక్కరు గూడ పలకరించలేదంట. కొలువు ఇడిసిపెట్టి వస్తనంటుండు. బ్యాంకోళ్ళ బాకీ అట్లనే ఉంది. నేనేం జెప్పాలె?"

నవంబరు నెలంటే ఆ దేశంలో మబ్బులు, వాన, చలి. డిసెంబరు వచ్చేసరికి ప్రొద్దున ఎనిమిదిన్నర దాటితేగాని తెల్లవారదు, మధ్యాహ్నం మూడున్నర దాటగానే ప్రొద్దు గ్రుంకుతుంది. చలికాలంలో వారి గడియారం మన గడియారానికి నాలుగున్నర గంటలు వెనుక నడుస్తుంది. ఇక్కడ తల్లి తెల్లవారి ఆరు గంటలకు లేచి, దేవునికి స్తోత్రం చెప్పి, కుమారునికి ఫోను చేస్తే అక్కడ రాత్రి ఒకటిన్నర. అతను మేలుకొని ఉన్నాడు. నిద్ర పట్టక మేలుకొని ఉన్నాడని ఆమెకు అర్థమైంది.

ఆ వారంలో నేను అతనితో మాట్లాడాను. అతను చెప్పినది ఇది. పుట్టినరోజు నాడు మంచి చొక్కా వేసుకొని ఆఫీసుకు వెళ్ళాడు. అందరూ రోజూ లాగే పలకరించి తమ పనిలో పడ్డారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా ఎవరూ ఏమీ అనలేదు. ఒకరికి తెలియకపోయినా ఇంకొకరికి తెలిసి ఉంటుందని సాయంకాలం దాకా చూశాడు. నాలుగు గంటలకు అందరూ కోట్లు తొడుక్కొని ఇండ్లకు వెళ్ళిపోయారు. బయట అప్పటికే చీకటి పడింది. "మన ఊళ్ళో కుక్క పోతే గూడ నలుగురు అడుగుతరు అయ్యగారూ, ఈడ మనిషి ఉన్నడా లేడా అని ఎవ్వరు చూడరు" అన్నాడు. యోబు, యిర్మీయా అంతటి భక్తులు కూడా దుఃఖము మితిమీరినప్పుడు తాము పుట్టిన దినమును శపించినవారే. అందుచేత ఆ అబ్బాయిని నేను మందలించలేదు. ఇంకొంతకాలం ఓర్చుకొమ్మని, అక్కడి మనుష్యుల పద్ధతులు తెలుసుకొమ్మని మాత్రం చెప్పాను.

ఆ దేశపు మర్యాద

కొన్ని నెలల తరువాత వాళ్ళ ఆఫీసులో ఒక పెద్దావిడ పుట్టినరోజు వచ్చింది. వయసులో ఇంచుమించు అతని తల్లి అంతటిది. ఆ ఉదయం బల్లమీద రొట్టెలు, వెన్న, కేకు ఉన్నవి. ప్రక్కనే జానెడు కర్రకు కట్టిన చిన్న ఎర్రని జెండా, దానిమీద తెల్లని సిలువ గుర్తు. అతను ఆమెకు శుభాకాంక్షలు చెప్పి, "ఇవన్నీ మీకోసం ఎవరు తెచ్చారు?" అని అడిగాడు. ఆమె వింతగా చూచి, "నేనే తెచ్చాను. పుట్టినరోజు నాది కదా!" అన్నది.

సంగతి అప్పుడు తెలిసింది. డెన్మార్కులో పనిచేసే చోట పుట్టినరోజు ఎవరిదో వారే రొట్టెలు, కేకు తెచ్చి బల్లమీద పెడతారు. అదే పిలుపు. బల్లమీద ఏమీ పెట్టనివాని సంగతి ఎవరూ కదిలించరు. చెప్పుకోవడం ఇష్టం లేదేమో, ఒంటరిగా ఉండదలచాడేమో అనుకొని గౌరవంగా ఊరుకుంటారు. ఒకరి సొంత విషయంలో పిలవకుండా తలదూర్చకూడదని వారి మర్యాద. పిలవని పేరంటానికి పోకూడదని మనమూ అంటాము గదా! వారి మౌనాన్ని మన అబ్బాయి నిర్లక్ష్యమనుకున్నాడు. అతని మౌనాన్ని వారు బిడియమనుకున్నారు.

ఆ దేశములో పుట్టినరోజుకు ఉన్న విలువ వింటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. డెన్మార్కు చిన్న దేశము. మన తెలంగాణ వైశాల్యంలో సగం కూడా లేదు, జనాభా సుమారు 60 లక్షలు. పుట్టిన పిల్లల బాప్తిస్మములను సంఘ కాపరులు పుస్తకంలో వ్రాసిపెట్టాలని 17వ శతాబ్దం మధ్యలోనే అక్కడ ఆజ్ఞ అయింది. కనుక అక్కడ బీదవాని పుట్టుక కూడా చర్చి పుస్తకాలకు ఎక్కింది. మన పిల్లలు బాతుపిల్ల కథ చదువుతారు గదా, అందరూ వికారంగా ఉన్నదని తరిమితే చివరికి హంసగా మారిన పిల్ల కథ. దానిని వ్రాసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ చెప్పులు కుట్టేవాని కుమారుడు. తల్లి ఇండ్లలో బట్టలు ఉతికేది. అతడు 1805 ఏప్రిల్ 2న ఓడెన్సె పట్టణములో పుట్టాడు. 1967 నుండి ఆ తేదీనే ప్రపంచమంతటా బాలల పుస్తక దినముగా జరుపుకొంటున్నారు.

మనకు జెండా అంటే ఆగస్టు 15, జనవరి 26. వారికి జెండా అంటే పుట్టినరోజు కూడా. ఇంటి ముందర జెండా ఎగిరితే ఆ ఇంట్లో ఎవరిదో సంతోషమని దారిన పోయేవారు అనుకుంటారు. భోజనపు బల్లమీద, కేకు మీద కూడా చిన్న చిన్న జెండాలు గుచ్చుతారు. రాజుగారి పుట్టినరోజు నాడు కోపెన్‌హాగెన్‌లో బస్సులకు సైతం జెండాలు కడతారు. పిల్లల కోసం మనిషి ఆకారంలో కేకు చేసి, మిఠాయిలతో కండ్లు, బొత్తాములు పెడతారు. 30, 40, 50 వంటి పదుల పుట్టినరోజులను పెద్దగా చేస్తారు. అటువంటి రోజున స్నేహితులు, అందరికీ తెలిసిన రాగానికి ఆ మనిషి జీవితమును గూర్చిన మాటలు కట్టి, కాగితాలమీద అచ్చు వేయించి, అందరికీ పంచి కలిసి పాడుతారు.

నవ్వు వచ్చే ఆచారం కూడా ఒకటి ఉన్నది. ఇరవై ఐదేళ్ళు నిండి పెండ్లి కానివారి మీద స్నేహితులు దాల్చినచెక్క పొడి చల్లుతారు. ముప్ఫై నిండినా కాకపోతే మిరియాల పొడి! పూర్వం సుగంధ ద్రవ్యాలు అమ్ముతూ ఊరూరా తిరిగే వర్తకులు పెండ్లి లేకుండా ఉండిపోయేవారని, దానినుండి ఈ ఆచారం వచ్చిందని చెబుతారు. ఊరి పేరులోనే మిరియాలు వినిపించే మన మిర్యాలగూడ పిల్లవానికి ఆ మాట విన్నప్పుడు మొదటిసారి ఆ దేశంలో కడుపారా నవ్వు వచ్చిందట.

రెండవ పుట్టినరోజు

మరుసటి నవంబరు వచ్చింది. ఈసారి అతను ముందుగానే ఆఫీసులో నలుగురిని, తన గదుల ప్రక్క వాటాలో ఒంటరిగా ఉండే ఒక ముసలాయనను, ఆ ఊళ్ళోనే ఉన్న ఇద్దరు తెలుగు పిల్లలను శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు భోజనానికి పిలిచాడు. బగారా అన్నం, కోడికూర, పెరుగు పచ్చడి తానే వండాడు. పెద్దావిడ చెప్పిన ప్రకారం బల్లమీద చిన్న జెండాలు పెట్టాడు. సరిగ్గా రెండు గంటలకు తలుపు గంట మ్రోగింది. డేనులందరూ వచ్చి నిలబడ్డారు. మన తెలుగు పిల్లలు మూడింటికి వచ్చారని వేరే చెప్పనక్కరలేదు.

వచ్చిన ప్రతివారు అంతకుముందే కూర్చున్నవారి దగ్గరకు వెళ్ళి, చేయి కలిపి, తమ పేరు చెప్పుకొన్నారు. తెచ్చిన కానుకలను అక్కడే, అందరి ఎదుట విప్పి చూడమన్నారు. మన దగ్గర కానుకను ప్రక్కన పెట్టడం మర్యాద, అక్కడ విప్పి చూచి సంతోషించడం మర్యాద. ముసలాయన కొవ్వొత్తులు తెచ్చాడు. చీకటి కాలంలో కిటికీ దగ్గర కొవ్వొత్తి వెలిగించుకోవడం వారికి ఇష్టం. కోడికూర ఒక ముద్ద తినగానే ఆయనకు కండ్లలో నీళ్ళు వచ్చినవి. పెరుగు కలుపుకొని మళ్ళీ వడ్డించుకొన్నాడు. అందరూ లేచి నిలబడి తమ భాషలో పుట్టినరోజు పాట పాడి, హుర్రా అని కేకలు వేశారు. అప్పుడు మన అబ్బాయి, తాను తెలుగులో ఒక్క నిమిషం ప్రార్థన చేసుకోవచ్చునా అని అడిగాడు. ఒక్క మాట అర్థం కాకపోయినా అందరూ తలలు వంచి కూర్చున్నారు.

అదే సమయానికి ఇక్కడ తల్లి ఫోను చేసింది. అతను ఆ ఫోనును బల్లవైపు త్రిప్పి అందరినీ చూపించాడు. ఆమెకు వారి భాష రాదు, వారికి మన భాష రాదు. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. "అందరు తిన్నరా బిడ్డా?" కుమారుడు దానిని తర్జుమా చేసి చెప్పాడు. భోజనం ముగించి లేచేటప్పుడు, వండినవారికి అన్నం పెట్టినందుకు వందనాలు చెప్పడం డేనుల పద్ధతి. వారందరూ ఫోనువైపు తిరిగి తల్లికే ఆ వందనాలు చెప్పారు. సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే ఒక్కొక్కరు "తాక్ ఫర్ సిస్ట్" అన్నారు. అనగా, మొన్న కలిసినదానికి వందనాలని అర్థం. విందు తిన్న మరునాడు మళ్ళీ కృతజ్ఞత చెప్పడానికి వారి భాషలో ప్రత్యేకంగా ఒక మాటే ఉన్నది! తిన్న చేయి ఆరకముందే కూరలో ఉప్పు తక్కువైందని చెప్పుకునే మనము ఆ మాట నేర్చుకోతగినది.

అతను నాతో అన్న మాట ఇది. "అయ్యగారూ, వాళ్ళు నా పిలుపు కోసం చూస్తున్నరు, నేను వాళ్ళ పలకరింపు కోసం చూస్తున్న. ఒక ఏడాది అట్లనే పోయింది." ఒక్క భోజనంతో అతని కష్టాలన్నీ తీరినవని నేను చెప్పను. అప్పు ఇంకా ఉన్నది, చలి మళ్ళీ వస్తుంది, అమ్మ చేతి అన్నం ఏడు సముద్రాల ఇవతలే ఉన్నది. కాని ఉద్యోగం వదిలి వచ్చే మాట మళ్ళీ అనలేదు. ప్రక్క వాటా ముసలాయన కూడా ఇప్పుడు అప్పుడప్పుడు తలుపు తట్టి కాఫీకి పిలుస్తున్నాడట.

డేనుల నీడలో మన తెలుగు

డేనులు మనకు పూర్తిగా క్రొత్తవారు కారు. 1616లో వారు ఒక ఈస్టిండియా కంపెనీ పెట్టి, 1620లో తమిళ తీరాన తరంగంబాడి వద్ద స్థిరపడ్డారు. మిరియాలు, సుగంధ ద్రవ్యాల వ్యాపారమే వారి మొదటి ఆశ. 1706లో డెన్మార్కు రాజైన 4వ ఫ్రెడరిక్ పంపగా సీగెన్‌బాల్గ్, ప్లూచౌ అనే ఇద్దరు జర్మను మిషనెరీలు అక్కడ దిగారు. ఆ మిషనుకు చెందిన బెంజమిన్ షూల్జ్ తరువాత మద్రాసుకు వచ్చి తెలుగు నేర్చుకొని, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేశాడు. ఆ తర్జుమా అప్పట్లో అచ్చు కాలేదు.

డేనుల మధ్య తన పుట్టినరోజులు గడిపి మన తెలుగువారికి మేలు చేసిన మరొక పరదేశి ఉన్నాడు. ఆయన విలియం కేరీ గారు. 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులో ఒక నేతపనివాని ఇంట పుట్టి, చెప్పులు కుట్టి జీవించిన మనిషి. 1793లో బెంగాలుకు వచ్చాడు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు మిషనెరీలను తమ ప్రాంతంలో నిలువనియ్యలేదు. కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డున ఉన్న శ్రీరాంపురము అప్పుడు డేనులది. అక్కడి గవర్నరు ఓలె బీ, కేరీ గారి తోటి మిషనెరీలను ఇంగ్లీషువారికి అప్పగించక తమ జెండా క్రింద నిలుపుకొన్నాడు. 1800 జనవరిలో కేరీ గారు కూడా అక్కడికి చేరారు. సొంత దేశపువారు పొమ్మన్న మనుష్యులను పరాయి దేశపువారు ఉండమన్నారు.

అక్కడ మిషనెరీ కుటుంబాలు ఒకే బల్ల దగ్గర భోజనం చేసేవి. మొదటి భార్య చనిపోయిన తరువాత కేరీ గారు 1808లో పెండ్లాడినది కూడా డెన్మార్కు రాజ్యానికి చెందిన షార్లొట్ రూమోర్ అనే ఆమెనే. ఆరోగ్యం బాగులేక ఆ ఊరికి వచ్చి, నడవడానికి కూడా కష్టపడిన స్త్రీ ఆమె. 1812 మార్చిలో అచ్చు కార్యాలయం కాలిపోయినప్పుడు అనేక భాషల వ్రాతప్రతులతోపాటు తెలుగు వ్యాకరణపు ప్రతి కూడా బూడిదైంది. కేరీ గారు మళ్ళీ మొదలుపెట్టారు. 1814లో ఆ వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపురములోనే అచ్చయినవి.

1831 ఆగస్టు 17న తనకు డెబ్భై ఏళ్ళు నిండిన రోజున ఆయన తన కుమారునికి ఒక ఉత్తరము వ్రాశారు. అందులో చేసిన పనుల లెక్క చెప్పుకోలేదు. దేవుని కనికరమును తలచుకొని, తన బ్రతుకును వెనుదిరిగి చూచుకుంటే తగ్గించుకోవలసినదే చాలా కనబడుతున్నదని వ్రాసుకొన్నారు. 1834 జూన్ 9న కన్నుమూసేవరకు ఆయన తిరిగి ఇంగ్లాండుకు వెళ్ళనేలేదు.

ఇంకొక సంగతి. మీ సంఘ కాపరి పేరు ప్రక్కన బి.డి. అని ఉండి, అది శ్రీరాంపురము పట్టా అయితే దాని వెనుక కూడా ఒక డేను రాజు చేయి ఉన్నది. 1818లో స్థాపించిన శ్రీరాంపురము కళాశాలకు పట్టాలు ఇచ్చే అధికారమును 1827 ఫిబ్రవరి 23న డెన్మార్కు రాజు 6వ ఫ్రెడరిక్ ఇచ్చాడు. 1845లో డేనులు ఆ ఊరిని ఇంగ్లీషువారికి అమ్మివేసినా ఆ అధికారము పోలేదు. దేశమంతటా ఎన్నో వేదాంత కళాశాలలు నేటికీ ఆ అధికారము మీదనే పట్టాలు ఇస్తున్నవి. ఒక పరదేశికి చోటిచ్చినందువలన కలిగిన మేలు రెండువందల ఏండ్ల తరువాత మన పల్లె ప్రార్థనా మందిరం దాకా వచ్చింది.

మన మధ్య ఉన్న పరదేశులు

ఇక మన ఇంటి సంగతి చూద్దాము. మన బిడ్డ డేనుల మధ్య ఒంటరివాడైతే మన గుండె కొట్టుకుంటుంది. మరి ఇతరుల బిడ్డలు మన మధ్య లేరా? మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర ఒక్కసారి ఆగి చూడండి. ధాన్యం బస్తాలు మోసే హమాలీల్లో బీహారు నుండి వచ్చిన పిల్లలు ఎందరో ఉన్నారు. మిల్లు ప్రక్కన రేకుల గదుల్లో ఉంటారు, రొట్టెలు కాల్చుకుంటారు, రాత్రి పూట ఫోనులో తల్లితో మాట్లాడుకుంటారు. వారి పుట్టినరోజు ఎప్పుడో మనలో ఎవరికి తెలుసు? వారి పేరైనా ఎవరికి తెలుసు? "వాళ్ళు మనతో కలవరండీ" అని మనవారు అంటారు. ఓర్‌హూస్‌లో మన అబ్బాయిని గూర్చి కూడా ఎవరో అదే మాట అని ఉంటారు.

పరదేశిని సొంతవానివలె చూడవలెనని, మీరూ ఒకప్పుడు ఐగుప్తులో పరదేశులే అని దేవుడు ఇశ్రాయేలీయులకు జ్ఞాపకము చేశాడు (లేవీయకాండము 19:34). విందు చేసేటప్పుడు తిరిగి పిలవగలవారిని కాక, తిరిగి పిలవలేనివారిని పిలవమని ప్రభువు చెప్పాడు (లూకా 14:12-14). రాత్రి పన్నెండింటికి కేకు కోసి ఒకరి ముఖానికి ఒకరు పూసుకొనే పుట్టినరోజులో ఆ కేకు ఎవరి కడుపులోకీ పోదు. అదే డబ్బుతో నలుగురు తిరిగి పిలవలేనివారికి అన్నం పెట్టవచ్చును.

విదేశములలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. తెలుగువారు తెలుగువారినే వెదుక్కోవడం సహజమే, ఒక భాష వారి మధ్య మనసు విప్పుకోవడం అవసరమే. కాని మీరున్న ఊరివారిని కూడా మీ బల్లకు పిలవండి. ఎవరో మీ తలుపు తడతారని సంవత్సరాల తరబడి ఎదురుచూడకండి. వారి పద్ధతి తెలియకపోతే అడగండి. అడిగినవానిని ఎవరూ చిన్నచూపు చూడరు. వారు రెండు గంటలకు రమ్మంటే రెండు గంటలకే వెళ్ళండి.

ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ పుట్టినరోజు నాడు "డబ్బులు పంపినవా?" అనే ప్రశ్న ఆ ఒక్కరోజు ఆపి, "తిన్నవా? ఎవరితో తిన్నవు?" అని అడగండి. ఒంటరిగా తిన్నానంటే ఆ జవాబును తేలికగా తీసుకోకండి. నిద్ర పట్టడం లేదని, బ్రతకాలని లేదని బిడ్డ అంటే పరువు కోసం దాచిపెట్టక వెంటనే ఎవరితోనైనా చెప్పి, వైద్యుని సహాయం దొరికేటట్లు చూడండి. బిడ్డ లేని పుట్టినరోజుకు ఊళ్ళో అప్పు చేసి ఫ్లెక్సీ కట్టించవద్దు. ఆ అప్పు తీర్చవలసింది మళ్ళీ ఆ బిడ్డే.

సంఘములకు ఒక మాట. మన బాప్తిస్మపు రిజిస్టరులో తేదీలు ఉన్నవి గనుక పిల్లల పుట్టినరోజులు జ్ఞాపకం చేసుకొని ప్రార్థిస్తున్నాము, మంచిదే. మరి తేదీ తెలియని అవ్వలను, తాతలను ఎప్పుడు తలచుకుంటాము? సాగర్ కాలువకు నీళ్ళు వదిలే రోజుల్లో ఒక ఆదివారం కాలువ యేడు పుట్టినవారినందరినీ ముందు వరుసలో కూర్చోబెట్టి, వారి పేర్లు చదివి, కృతజ్ఞతలు చెల్లిస్తే వారి ముఖాలు ఎట్లా వెలుగుతాయో చూడండి. ఆ రోజు అన్నానికి మిల్లు దగ్గరి పిల్లలను కూడా పిలవండి. భాష రాదని వెనుదీయకండి. "తిన్నరా?" అనే ప్రశ్న ఏ భాషవారికైనా అర్థమవుతుంది.

ఒకే గోడ ఇరుప్రక్కలా కాపురముండి, "వాడే ముందు పిలవాలె" అని ఏండ్లకు ఏండ్లు మాటలు లేని అన్నదమ్ములు కూడా మన సంఘాలలో ఉన్నారు. ఈ నెలలో మీ ఇంట పుట్టినరోజు ఉంటే మీరే ముందు పిలవండి. వస్తారో రారో వారి ఇష్టం, పిలవడం మాత్రం మన వంతు.

మీ దినములను లెక్కించుకొను జ్ఞానమును, మీ బల్లను విశాలము చేసికొను మనస్సును ప్రభువు మీకు దయచేయును గాక. ఆమేన్.